మూడో సంఖ్య: ఒకే ప్రొటీను జన్యువును ఆపుతోందా, నడుపుతోందా అని తేల్చడం ఎలా

నా నోటుపుస్తకంలో ఒక పేజీకి మూల మడిచి పెట్టుకున్నాను. అందులో మూడు సంఖ్యలు ఒకదాని కింద ఒకటి ఉంటాయి: 20, 600, 100. మా ప్రయోగశాలలో చేరిన ప్రతి విద్యార్థికీ మొదటి వారంలోనే ఆ పేజీ చూపిస్తాను. లెక్క సులువుగా సాగేందుకు సంఖ్యలను గుండ్రంగా మార్చాను గానీ, వాటి వెనక ఉన్న ప్రయోగం థైరాయిడ్ హార్మోను గ్రాహకంతో (ఆ హార్మోనును పట్టుకుని, డీఎన్‌ఏ మీద కూర్చుని జన్యువులను నియంత్రించే ప్రొటీనుతో) నేను నెలల తరబడి చేసినదే.

మొదటి సంఖ్య, గ్రాహకం ఉండి హార్మోను లేనప్పుడు జన్యువు పనిచేసిన స్థాయి. రెండోది, అదే గ్రాహకానికి హార్మోను అందాక వచ్చిన స్థాయి. ఈ రెండింటినీ చూసి "హార్మోను జన్యువును 30 రెట్లు ఉత్తేజపరిచింది" అని రాసి ముందుకు వెళ్లిపోవచ్చు. నేనూ మొదట అలాగే రాశాను. మూడో సంఖ్య వచ్చాక ఆ వాక్యం కొట్టేయవలసి వచ్చింది. గ్రాహకానికి డీఎన్‌ఏ మీద కూర్చునే చోటే లేకుండా చేస్తే వచ్చిన స్థాయి అది: 100. అంటే గ్రాహకం జోక్యం లేనప్పుడు జన్యువు 100 దగ్గర నడుస్తుంది. హార్మోను లేని గ్రాహకం దాన్ని అయిదో వంతుకు అణచింది. హార్మోను అందిన గ్రాహకం అదే 100ని ఆరింతలు చేసింది. ఆ 30 రెట్లలో 5 రెట్లు అణచివేత తొలగినందువల్ల వచ్చినవి, అసలు ఉత్తేజం 6 రెట్లే (5 × 6 = 30). ఒకే ప్రొటీను, ఒకే చోటు, రెండు ఎదురెదురు పనులు.

ఈ మూడో సంఖ్యను నమ్మకంగా రాబట్టడం ఎలాగో, రాబట్టాక ఏం చేయాలో ఇక్కడ చెబుతాను. కణ సంకేతాల గురించి చదువుకుంటున్నవారికి, మొదటిసారి ఇలాంటి ప్రయోగానికి కూర్చుంటున్నవారికి ఉపయోగపడాలని నా కోరిక.

ముందు, మారేది ఏమిటో తెలుసుకోండి

చాలా ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ల (జన్యువులను నడిపే, ఆపే ప్రొటీన్ల) విషయంలో, డీఎన్‌ఏ మీద తనకు తెలిసిన అక్షరాల వరుసను గుర్తుపట్టి అక్కడ కూర్చోవడం ఫ్యాక్టర్ చేసే మొదటి పని. ఆ తరువాత జన్యువు ఆగుతుందా నడుస్తుందా అన్నది దాని పక్కన ఎవరు చేరారన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని సామెత. కణంలో అందుకు కొన్ని నిమిషాలు చాలు.

థైరాయిడ్ గ్రాహకాన్నే చూడండి. ఏజీజీటీసీఏ అనే ఆరు అక్షరాలు రెండుసార్లు, మధ్యలో నాలుగు అక్షరాల ఎడంతో ఉన్న చోట అది ఆర్‌ఎక్స్‌ఆర్ అనే మరో గ్రాహకంతో జతగా కూర్చుంటుంది. హార్మోను లేనప్పుడు దాని ఉపరితలం మీద ఒక గాడి తెరిచి ఉంటుంది. ఆ గాడిలోకి ఎన్‌కార్, స్మర్ట్ అనే కోరిప్రెసర్లు (అణచివేతకు తోడ్పడే ప్రొటీన్లు) వచ్చి చేరతాయి. ఈ రెండూ 1995లో వెలుగులోకి వచ్చాయి. అవి హెచ్‌డాక్3 అనే ఎంజైమును వెంట తెచ్చుకుంటాయి. ఆ ఎంజైము హిస్టోన్ల (డీఎన్‌ఏ చుట్టుకునే ప్రొటీన్ల) మీది అసిటైల్ గుంపులను తొలగిస్తుంది, జన్యువు అణిగిపోతుంది. హార్మోను వచ్చి గ్రాహకం కడుపులో ఇమిడితే, చివర ఉన్న పన్నెండో హెలిక్స్ (ప్రొటీనులో మెలితిరిగిన భాగం) మడత పడి గాడి ఆకారాన్నే మార్చేస్తుంది. కోరిప్రెసర్‌కు పట్టు తప్పుతుంది. కోయాక్టివేటర్లు (ఉత్తేజానికి తోడ్పడే ప్రొటీన్లు) వచ్చి పీ300 లాంటి అసిటైల్ చేర్చే ఎంజైములను పిలుస్తాయి. ఒక చిన్న అణువు, ఒక హెలిక్స్ కదలిక, జన్యువు తలరాత మార్పు. ఇన్నేళ్లయినా దీన్ని బల్ల మీద గీసి చూపిస్తున్నప్పుడు నా గొంతులో ఉత్సాహం దాచుకోలేను.

అన్ని సంకేతాలూ ఇలాగే పనిచేయవు. మీ ఫ్యాక్టర్ ఏ పద్ధతిలో మారుతుందో ముందే అంచనా వేసుకోకపోతే తప్పు చోట వెతుకుతారు. నాచ్ (కణం ఉపరితలం మీది ఒక గ్రాహకం) సంకేతంలో కూడా ఫ్యాక్టర్ పక్కన చేరే ప్రొటీన్లే మారతాయి. సీఎస్‌ఎల్ అనే ప్రొటీను (పండ్ల ఈగలో దాని పేరు సప్రెసర్ ఆఫ్ హెయిర్‌లెస్) సంకేతం లేనప్పుడు హెయిర్‌లెస్, గ్రౌచో వంటి అణచివేత బృందంతో ఉంటుంది. పొరుగు కణం నుంచి నాచ్‌కు సంకేతం అందితే గామా సెక్రిటేజ్ నాచ్ లోపలి భాగాన్ని కోసి వదులుతుంది. ఆ ముక్క కేంద్రకంలోకి వచ్చి సీఎస్‌ఎల్‌ను పట్టుకుంటుంది. మాస్టర్‌మైండ్ అనే ప్రొటీను తోడై, పీ300ని తెస్తుంది. వింట్ సంకేతంలో టీసీఎఫ్ పక్కన గ్రౌచో ఉండే చోటికి బీటా కెటెనిన్ వస్తుంది. హెడ్జ్‌హాగ్ దారి వేరు. అక్కడ సంకేతం లేకపోతే పీకేఏ, జీఎస్‌కే3, సీకే1 కైనేజులు వరుసగా ఫాస్ఫేటు తగిలించి గ్లి3 ప్రొటీనును కోతకు పంపుతాయి. మిగిలిన పొట్టి ముక్క అణచివేస్తుంది. సంకేతం వస్తే కోత ఆగి, పూర్తి నిడివి ప్రొటీను నుంచి ఉత్తేజకరూపం తయారవుతుంది. ఇక ఎంఈఎఫ్2 విషయంలో, కాల్షియం సంకేతానికి స్పందించే కైనేజులు హెచ్‌డాక్4, హెచ్‌డాక్5లకు ఫాస్ఫేటు తగిలించి వాటిని కేంద్రకం బయటికి సాగనంపుతాయి. ఫ్యాక్టర్‌ను ముట్టుకోకుండానే దాని పనిని మార్చే పద్ధతి అది.

కాబట్టి గ్లి3 చదివేవారు వెస్టర్న్ బ్లాట్‌తో (ప్రొటీన్లను పరిమాణం ప్రకారం వేరుచేసి చూసే పద్ధతితో) మొదలుపెట్టాలి. సుమారు 190 కిలోడాల్టన్ల దగ్గర పూర్తి ప్రొటీను, సుమారు 83 దగ్గర పొట్టి ముక్క ఒకే బ్లాట్‌లో కనిపించాలి. ఆ రెండింటి నిష్పత్తే మీ స్విచ్. ఎంఈఎఫ్2 వారు సూక్ష్మదర్శినితో మొదలుపెట్టి హెచ్‌డాక్ కేంద్రకంలో ఉందా బయట ఉందా చూడాలి. నాచ్, వింట్, హార్మోను గ్రాహకాల వారు కింద చెప్పే దారిన రావాలి.

"సంకేతం లేదు" అనే మాట నిజం కావాలి

ఎక్కువ పొరపాట్లు ఇక్కడే జరుగుతాయి కాబట్టి కొంచెం నిదానంగా చెబుతాను.

నేను మొదట చేసిన ప్రయోగంలో హార్మోను ఇచ్చినా ఇవ్వకపోయినా దాదాపు ఒకే విలువ వచ్చేది. ఒకటిన్నర రెట్ల తేడా కూడా కష్టమే. గ్రాహకం ప్లాస్మిడ్ (దాని జన్యువును కణాలలోకి మోసుకెళ్లే డీఎన్‌ఏ వలయం) చెడిపోయిందనుకుని మళ్లీ తయారు చేశాను. డీఎన్‌ఏ అక్షరాలన్నీ చదివించాను, తప్పేమీ లేదు. హార్మోను పాతబడిందేమోనని కొత్తది కలిపాను. రెండు నెలలు గడిచాక ఒక సీనియర్ నా సీసా ఎత్తి చూసి, "సీరం ఏది వాడుతున్నావమ్మా?" అని అడిగారు. మామూలు పశు సీరం. అందులో థైరాయిడ్ హార్మోను ముందే ఉంటుంది, విటమిన్ ఏ సంబంధ పదార్థాలూ ఉంటాయి. నేను హార్మోను లేదనుకున్న గిన్నెలో అది మొదటి నుంచీ ఉంది. నా "20" ఎప్పుడూ 20 కాలేదు. గ్రాహకం అప్పటికే పక్షం మార్చేసింది.

అందుకని హార్మోనులు తీసేసిన సీరం వాడండి. యాక్టివేటెడ్ బొగ్గుతో శుద్ధి చేసిన సీరం దొరుకుతుంది. థైరాయిడ్ హార్మోనుకైతే రెజిన్‌తో శుద్ధి చేసినది ఇంకా మేలు. కణాలను కనీసం ఒక రోజు ఆ సీరంలో ఉంచాకే మొదలుపెట్టండి. ఈస్ట్రోజెన్ గ్రాహకమైతే మాధ్యమంలో ఫినాల్ రెడ్ రంగు కూడా ఉండకూడదు, ఆ రంగుకే కొద్దిపాటి ఈస్ట్రోజెన్ గుణం ఉంది. రెటినాయిక్ ఆమ్లం (విటమిన్ ఏ నుంచి వచ్చే సంకేత అణువు) వెలుతురుకు పాడవుతుంది, సీసాకు అల్యూమినియం రేకు చుట్టి లైటు తగ్గించి పని చేయండి. హార్మోనును దేనిలో కరిగించారో అదే ద్రావణిని అంతే పరిమాణంలో హార్మోను లేని గిన్నెకూ ఇవ్వండి.

నాచ్‌కు మరో చిక్కుంది. కణాలు ఒకదానికొకటి తగిలితే చాలు, సంకేతం మొదలవుతుంది. గిన్నె నిండిన కణాలలో "సంకేతం లేని స్థితి" దానంతట అది రాదు. గామా సెక్రిటేజ్‌ను ఆపే డాప్ట్ మందులో కణాలను ఉంచి సంకేతాన్ని పూర్తిగా ఆపండి. తరువాత మందును కడిగేయండి. అన్ని కణాలలోనూ నాచ్ ఒక్కసారిగా తెగడం మొదలవుతుంది, మీకు స్పష్టమైన సున్నా గంట దొరుకుతుంది. నిజంగా తెగిందో లేదో చూడటానికి, కొత్తగా బయటపడిన కొసను మాత్రమే గుర్తించే యాంటీబాడీ వాడాలి. ఎలుక నాచ్1లో ఆ కొస 1744వ వేలిన్ దగ్గర ఉంటుంది.

హెడ్జ్‌హాగ్‌కు ఇందుకు తలకిందులు. కణాలు గిన్నె నిండా పెరిగి, సీరం తగ్గించి ఉంచితేనే వాటి మీద ప్రాథమిక సీలియం (యాంటెన్నా లాంటి చిన్న వెంట్రుక) మొలుస్తుంది. అది లేకుండా సంకేతం ఇచ్చినా అందుకునే చోటు ఉండదు. వింట్‌కు ఒక హెచ్చరిక చాలు: బీటా కెటెనిన్ ఎక్కువ భాగం కణాలను కలిపే కూడళ్ల దగ్గర పొరను అంటుకుని ఉంటుంది. మొత్తం కణరసం తీసి బ్లాట్ చేస్తే మార్పు అందులో మునిగిపోతుంది. కేంద్రక భాగాన్ని వేరుచేసి చూడండి.

మూడో సంఖ్య

రిపోర్టర్‌తో మొదలుపెట్టండి. జన్యువు ముందుండే నియంత్రణ భాగాన్ని మిణుగురు ల్యూసిఫరేజ్ ముందు అతికించి కణాలలోకి పంపడం, వెలుగును కొలవడం అందరికీ తెలిసినదే. నేను పట్టుబట్టేది రెండు విషయాల మీద.

ఒకటి, ఫ్యాక్టర్ కూర్చునే అక్షరాలను తొలగించకండి, మార్చండి. తొలగిస్తే ఇరుపక్కల ఉన్న ఇతర ఫ్యాక్టర్ల మధ్య దూరం మారిపోతుంది, వచ్చిన ఫలితం దేనివల్లో చెప్పలేం. ప్రతి ఆరక్షరాలలో రెండు మూడు మారిస్తే సరిపోతుంది. మార్చిన వరుసలో అనుకోకుండా మరో ఫ్యాక్టర్‌కు చోటు పుట్టిందేమో వెతికి చూసుకోండి. ఫ్యాక్టర్ నిజంగా పట్టు కోల్పోయిందని జెల్ మీద తేల్చుకోండి.

రెండోది ఇంకా ముఖ్యం. రిపోర్టర్‌కు తనంత తానుగా కొంత వెలుగు ఉండాలి. చీకట్లో ఉన్న దీపాన్ని ఎవరో తగ్గించారని ఎలా కనిపెడతాం? బలహీనమైన కనీస ప్రమోటర్ (జన్యువును చదవడం మొదలయ్యే డీఎన్‌ఏ భాగం) పెట్టుకుంటే మూడో సంఖ్య దాదాపు సున్నా, మొదటిదీ దాదాపు సున్నా. అప్పుడు అణచివేత ఎంత ఉన్నా కనిపించదు, ఉత్తేజం ఒక్కటే కనిపిస్తుంది. చాలా ప్రసిద్ధ రిపోర్టర్లు ఉత్తేజాన్ని బాగా చూపించేందుకే రూపొందాయి. వాటిని పట్టుకుని "అణచివేత లేదు" అని నిర్ధారించకండి. మీ కణాలలో మధ్యస్థంగా నడిచే ప్రమోటర్‌ను ఎంచుకోండి.

నాలుగు గిన్నెలు పెట్టండి: మంచి చోటు, సంకేతం లేదు; మంచి చోటు, సంకేతం ఉంది; చెడగొట్టిన (అక్షరాలు మార్చిన) చోటు, సంకేతం లేదు; చెడగొట్టిన చోటు, సంకేతం ఉంది. చివరి రెండూ సమానంగా రావాలి. రాకపోతే సంకేతం మరో దారిలో కూడా రిపోర్టర్‌ను తాకుతోందన్నమాట, ముందు దాన్ని వెతకాలి. సరిపోల్చుకోవడానికి వాడే, మిణుగురు విలువను భాగించే రెనిల్లా ల్యూసిఫరేజ్ (మరో వెలుగు ఎంజైము) ముడి విలువలను కూడా ప్రతిసారీ కళ్లతో చూడండి. హార్మోనుకు అదీ స్పందిస్తుంటే భాగహారం మీకు అబద్ధం చెబుతుంది.

ఇప్పుడు చదవడం. చెడగొట్టిన చోటు విలువ మిగిలిన రెండింటి మధ్యలో పడితే మీ దగ్గర అసలైన స్విచ్ ఉంది. మూడు సంఖ్యలు 20, 100, 100గా వస్తే, అంటే సంకేతం వచ్చాక విలువ మళ్లీ 100కే చేరి ఆగిపోతే, సంకేతం చేసింది అణచివేతను తొలగించడం మాత్రమే. అక్కడ ఉత్తేజం మరో ఫ్యాక్టర్ పని. సంకేతం లేనప్పుడు కూడా 100 ఉంటే ఫ్యాక్టర్ అణచడం లేదు, సంకేతంతో ఉత్తేజం మాత్రమే ఇస్తోంది. సంకేతం వచ్చాక విలువ 100 కంటే కిందికి పడే సందర్భాలూ ఉన్నాయి. ఈగలో డీపీపీ సంకేతం వచ్చినప్పుడు మ్యాడ్, మెడియా ప్రొటీన్లు ష్నూరితో కలిసి బ్రింకర్ జన్యువును అణచివేస్తాయి. అవే రెండూ ఇతర జన్యువులను ఉత్తేజపరుస్తాయి. సంకేతం అంటే ఎప్పుడూ నడిపించేదే అనుకోకండి.

సొంత చోటులో ఉన్న జన్యువు దగ్గరికి

ప్లాస్మిడ్ మీద క్రోమాటిన్ (హిస్టోన్లకు డీఎన్‌ఏ చుట్టుకున్న అమరిక) సరిగా ఏర్పడదు. పైగా ఫ్యాక్టర్‌ను అతిగా తయారు చేయిస్తే కణంలో ఉన్న కొద్దిపాటి కోరిప్రెసర్ దానికే చాలక మిగతా జన్యువులు గందరగోళపడతాయి. అందుకే రిపోర్టర్ ఫలితాన్ని కణంలోని అసలు జన్యువు దగ్గర తప్పక పరీక్షించాలి.

ఇక్కడ మూడో సంఖ్య కోసం ఫ్యాక్టర్‌నే తీసేయాలి. ఎస్ఐఆర్‌ఎన్‌ఏతో (దాని ఎంఆర్‌ఎన్‌ఏను నాశనం చేయించే చిన్న ఆర్‌ఎన్‌ఏతో) తీస్తే రెండు మూడు రోజులు పడుతుంది. అన్ని రోజులలో కణం ఎన్నో సర్దుబాట్లు చేసుకుంటుంది. వీలుంటే ఆక్సిన్ కలిపితే కరిగిపోయే తోక ఫ్యాక్టర్‌కు తగిలించండి, గంటలోపే ప్రొటీను మాయమవుతుంది. సంకేతం లేని కణాలలో ఫ్యాక్టర్‌ను అలా తీయగానే జన్యువు పెరిగితే, అణచివేతకు అంతకన్నా సూటి సాక్ష్యం నాకు తెలియదు.

కొలవడానికి ఇంట్రాన్ (ఆర్‌ఎన్‌ఏ నుంచి తరువాత కోసేసే భాగం) మీద ప్రైమర్లు (పీసీఆర్‌ను మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) వేయండి. పూర్తయిన ఎంఆర్‌ఎన్‌ఏ గంటల తరబడి నిలిచి ఉంటుంది, అది నిన్నటి సంగతి కూడా కలిపి చెబుతుంది. ఇంట్రాన్ ఇంకా తెగని ఆర్‌ఎన్‌ఏ కొన్ని నిమిషాలే ఉంటుంది, ఇప్పుడు జరుగుతున్న లేఖనాన్నే చూపుతుంది. ఒక జాగ్రత్త: ఆ ప్రైమర్లు జీనోమ్ డీఎన్‌ఏను కూడా పట్టుకుంటాయి. నమూనాకు డీఎన్‌ఏజ్ వేయడం, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ కలపని గొట్టం ఒకటి ప్రతి నమూనాకూ పక్కన నడపడం మరవకండి. ఎంజైము కలపని ఆ గొట్టంలో కూడా పీసీఆర్ ఫలితం వస్తే మొత్తం పలక పారేయండి, నిక్కచ్చిగా చెబుతున్నాను.

మార్పు సూటిగా జరిగిందా, మధ్యవర్తి ద్వారానా? నాచ్ ఉత్తేజపరిచే జన్యువులలో హెస్1 ఒకటి, అది తానే ఒక రిప్రెసర్. నాచ్ వచ్చాక తగ్గిన జన్యువులను చూసి "నాచ్ అణచింది" అనడానికి తొందరపడితే హెస్1 పనిని సీఎస్‌ఎల్‌కు అంటగట్టినవారవుతారు. సైక్లోహెక్సిమైడ్‌తో కొత్త ప్రొటీన్ల తయారీ ఆపి అదే ప్రయోగం చేయండి. అప్పుడు కూడా మిగిలే మార్పే మీ ఫ్యాక్టర్‌ది.

ఇక పక్కన ఎవరున్నారో చూడటం. చిప్ ప్రయోగంలో (డీఎన్‌ఏ మీద ఒక చోట ఏ ప్రొటీన్లు ఉన్నాయో పట్టి చూసే పద్ధతి) 1 శాతం ఫార్మాల్డిహైడ్‌తో 10 నిమిషాలు బంధించి, 125 మిల్లీమోలార్ గ్లైసీన్‌తో ఆపి, డీఎన్‌ఏను 200 నుంచి 500 అక్షరాల ముక్కలు చేయడం మామూలు పద్ధతి. కోరిప్రెసర్లు డీఎన్‌ఏను సూటిగా తాకవు కాబట్టి ఫార్మాల్డిహైడ్ ఒక్కటే వాటిని సరిగా పట్టదు. ముందు డీఎస్‌జీతో ప్రొటీన్లను ఒకదానికొకటి కట్టేసి తరువాత ఫార్మాల్డిహైడ్ వేయండి. ఒకే నమూనాలో ఫ్యాక్టర్, ఎన్‌కార్, పీ300, హిస్టోన్ హెచ్3 27వ లైసిన్ అసిటైలేషన్ నాలుగూ చూడాలి. ఫ్యాక్టర్‌ను విడిచిపెట్టి మిగతావి చూస్తే సగం కథే తెలుస్తుంది.

పాఠ్యపుస్తకాల బొమ్మలో ఫ్యాక్టర్ కదలకుండా కూర్చుని ఉంటుంది, ఒకరు లేచిపోయి మరొకరు వస్తారు. మీకు అంత శుభ్రంగా రాకపోతే కంగారుపడకండి. నాచ్ సంకేతం వచ్చాక సీఎస్‌ఎల్ తానే ఆ చోటికి ఎక్కువగా చేరుతుంది. థైరాయిడ్ గ్రాహకం విషయంలో 2021లో ఎలుక కాలేయంపై వచ్చిన పరిశోధన, కోరిప్రెసర్లు పూర్తిగా వెళ్లిపోవనీ, వాటికీ కోయాక్టివేటర్లకూ మధ్య మొగ్గు మారుతుందనీ చూపింది. నా చిప్ ఫలితాలలో ఎన్‌కార్ ఎప్పుడూ సున్నా కాలేదు. చాలా కాలం దాన్ని నా యాంటీబాడీ లోపమనుకున్నాను.

జీవిలో

గిన్నెలో కణాలు చెప్పినదాన్ని జీవి ఒప్పుకోవాలి. ఈ స్విచ్ అణచివేత వైపే ఇరుక్కుపోతే ఏమవుతుందో చూపే రెండు ఉదాహరణలు నేనెప్పుడూ వదలను. పాక్స్8 జన్యువు లేని ఎలుక పిల్లలు థైరాయిడ్ హార్మోను తయారు చేయలేక పాలు మరిచే వయసుకు చనిపోతాయి. వాటిలో థైరాయిడ్ గ్రాహక ఆల్ఫా జన్యువు ఉత్పత్తులన్నిటినీ కూడా తీసేస్తే బతుకుతాయి. హార్మోను లేకపోవడం కన్నా, హార్మోను లేని గ్రాహకం చేసే అణచివేతే ఎక్కువ హాని చేస్తోందన్నమాట. మనుషులలో అక్యూట్ ప్రోమైలోసిటిక్ ల్యుకేమియా ఇంకో ఉదాహరణ. 15, 17 క్రోమోజోముల ముక్కలు అతుక్కుని రెటినాయిక్ ఆమ్ల గ్రాహకం పీఎంఎల్‌తో కలిసిపోతుంది. శరీరంలో మామూలుగా ఉండే రెటినాయిక్ ఆమ్లానికి ఆ సంకర ప్రొటీను కోరిప్రెసర్‌ను వదలదు, తెల్ల రక్తకణాలు ఎదగకుండా నిలిచిపోతాయి. మోతాదు బాగా పెంచితే వదులుతుంది. షాంఘై వైద్యులు 1988లో రెటినాయిక్ ఆమ్లంతోనే ఈ రోగులకు ఉపశమనం కలిగిందని ప్రకటించారు. ఇప్పుడు ఆర్సెనిక్ ట్రయాక్సైడ్‌తో కలిపి ఇస్తున్నారు.

ఇక మీ రిపోర్టర్‌ను జీవిలో పెట్టే అవకాశం ఉంటే ఈగ పిండం చూడండి. అక్కడ మధ్యస్త్వచం అంచున రెండు వైపులా ఒక్కొక్క వరుస కణాలు మాత్రమే సింగిల్ మైండెడ్ అనే జన్యువును నడుపుతాయి. ఆ వరుసకు నాచ్ సంకేతం అందుతుంది, పక్కనే ఉన్న నాడీ బాహ్యత్వచ కణాలకు అందదు. ఆ పక్క కణాలలో కూడా జన్యువును నడపగల ఇతర ఫ్యాక్టర్లు కొంత ఉంటాయి. వాటిని అదుపులో ఉంచేది సప్రెసర్ ఆఫ్ హెయిర్‌లెస్. 2000లో వచ్చిన పరిశోధన ఆ ప్రొటీను లేని పిండాలలో రెండు మార్పులు ఒకేసారి చూపింది: వరుసలో ఉండవలసిన రంగు (జన్యువు నడుస్తోందని చూపే రంగు) పలచబడింది, ఉండకూడని పక్క కణాలలోకి రంగు పాకింది. మీ చెడగొట్టిన చోటు రిపోర్టర్ కూడా సంకేతం ఉన్న చోట తగ్గాలి, లేని చోట పెరగాలి. ఫొటోలు తీసేటప్పుడు రెండు పిండాలకూ ఒకే కాంతి, ఒకే సమయం పెట్టండి. మొదట చూడవలసింది ముదురు వరుసను కాదు, దాని పక్కన ఏమీ ఉండకూడని ఆ తెల్లటి చోటును.